పొల్లు పోని వ్రాత: ఇబ్న్ మైమూన్ గ్రంథలేఖన విధులపై ఒక పరిశీలన

తౌరాతు గ్రంథాన్ని ఎట్టి తోలుమీద, ఏ సిరాతో, ఎవరు, ఏ విధంగా వ్రాయాలి అన్న విషయంపై యూద ధర్మశాస్త్రంలో చర్చ చాలా ప్రాచీనమైనది. తల్మూదు సంపుటాలలో అది పలుచోట్ల చెదరి ఉంటుంది. ఆ చెదరిన విధులను ఏరి, పది అధ్యాయాలలో క్రమబద్ధం చేసినవాడు మూసా బిన్ మైమూన్. పాశ్చాత్యులు మైమోనిడీస్ అని పిలిచేది ఈయననే. ఖుర్తుబా నగరంలో 1138లో జన్మించి, జీవితంలో పెద్దభాగం ఈజిప్టులోని ఫుస్తాత్‌లో గడిపి, 1204లో మరణించాడు. సుల్తాన్ సలాహుద్దీన్ మంత్రి అల్ ఖాజీ అల్ ఫాజిల్ ఈయనను వైద్యుడుగా ఆదరించాడు. అరబ్బీ భాషలో ఈయన వ్రాసిన 'దలాలతుల్ హాయిరీన్' తత్త్వశాస్త్ర విద్యార్థులకు పరిచితమే. హెబ్రీ భాషలో వ్రాసిన ధర్మశాస్త్ర సంహిత 'మిష్నె తోరా'ను మాత్రం మనవారు చదివింది తక్కువ. పదునాలుగు గ్రంథాల ఆ సంహితలో రెండవదైన 'అహవా'లో పైన చెప్పిన పది అధ్యాయాలు ఉన్నాయి.

ఈ అధ్యాయాలను పరిశీలించడానికి ఒక కారణం ఉంది. యూదుల గ్రంథ సంరక్షణను గురించి మన ప్రసంగాలలోను, కరపత్రాలలోను రెండు మాటలు తరచు వినిపిస్తాయి. మొదటిది, వారు కేవలం వ్రాతను నమ్ముకున్నారు, మనం కంఠస్థాన్ని నమ్ముకున్నాము అనేది. రెండవది, వారు తమ గ్రంథం విషయంలో ఏ జాగ్రత్తా తీసుకోలేదు అనేది. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఇబ్న్ మైమూన్ అధ్యాయాలను ఓపికగా చదివినవారికి రెండూ సరికావని తెలుస్తుంది. అట్లని ఆ అధ్యాయాలలో లోపాలు లేవని కాదు. వాటి గుణమేదో, లోపమేదో తూచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విధుల అమరిక

మొదటి అధ్యాయంలోనే సిరా తయారీ వస్తుంది. నూనె, కీలు, మైనం వంటివి మండగా పట్టిన మసిని పోగుచేసి, చెట్టుబంకతోను కొద్దిపాటి తేనెతోను కలిపి, బాగా తడిపి, నూరి, బిళ్ళలుగా ఆరబెట్టాలి. వ్రాయబోయేటప్పుడు ఆ బిళ్ళను మాచికాయ నీటిలోనో, అటువంటి మరొకదానిలోనో నానవేసి వ్రాయాలి. ఇది శ్రేష్ఠమైన సిరా. చెరిపితే చెరుగుతుంది. మాచికాయ, అన్నభేది కలిపి చేసిన, చెరగని సిరాతో వ్రాసినా ఆ ప్రతి చెల్లుతుందని వెంటనే చెబుతాడు. అరబ్బు లేఖకులు మిదాద్ అనీ హిబ్ర్ అనీ వేరుపరచిన రెండు జాతుల సిరాలు ఇవే. ఫుస్తాత్ బజారులో యూద లేఖకుడూ ముస్లిం లేఖకుడూ కొన్న సరుకు ఒకటే అయి ఉండాలి.

తరువాత తోలు. జంతువు తినదగిన జాతిది కావాలి. చీల్చని పూర్తి తోలును గెవీల్ అంటారు. చీల్చినప్పుడు వెంట్రుకల వైపు పొర క్లాఫ్, మాంసం వైపు పొర దుఖ్సుస్తుస్. తౌరాతు చుట్టను గెవీల్ మీద వెంట్రుకలున్న వైపున వ్రాయాలి. ప్రార్థనలో నుదుటిమీద, చేతిమీద కట్టుకునే తెఫిల్లీన్ పత్రాలను క్లాఫ్ మీద, ద్వారబంధానికి అమర్చే మెజూజాను దుఖ్సుస్తుస్ మీద వ్రాయాలి. చుట్టను క్లాఫ్ మీద వ్రాసినా చెల్లుతుంది గాని దుఖ్సుస్తుస్ మీద వ్రాస్తే చెల్లదు. చుట్టకు తోలు పదును చేసేటప్పుడే ఇది తౌరాతు కొరకు అన్న సంకల్పం ఉండాలి. పంక్తులకు ముందుగా గీతలు గీయాలి. తోలుముక్కలను తినదగిన జంతువు నరాలతోనే కుట్టాలి. అక్షరం చుట్టూ నాలుగువైపులా తోలు కనబడాలి, ఒక అక్షరం మరొకదానిని తాకరాదు. మరీ తెలివైనవాడూ మరీ మందమతీ కాని మామూలు పిల్లవాడు దానిని గుర్తుపట్టి చదవగలగాలి. యోద్ అనే అతిచిన్న అక్షరం కొన లోపించినా పనికిరాదు.

తెలుగు బైబిలు మత్తయి సువార్త అనువాదకులు ధర్మశాస్త్రాన్ని గురించిన ఒక మాటలో 'పొల్లు', 'సున్న' అన్న పదాలు వాడారు. మూలంలో ఉన్నవి యోద్ వంటి అతిచిన్న అక్షరమూ, అక్షరపు కొనా. పొల్లు పోకుండా అన్న మన పలుకుబడికి యూద లేఖకుని పనిలో అక్షరాలా అర్థం ఉంది.

ఇన్ని విధుల నడుమ రచయిత ప్రతిభ ఎక్కడ కనబడుతుందంటే పదవ అధ్యాయం ఆరంభంలో. అంతవరకు చెప్పిన విధులన్నిటిలో ఏవి తప్పితే చుట్ట చెల్లకుండా పోతుందో లెక్కకట్టి, అవి ఇరవై అని తేలుస్తాడు. అపవిత్ర జంతువు తోలు, సంకల్పం లేని పదును, ఒక అక్షరం తక్కువ, ఒక అక్షరం ఎక్కువ, అక్షరాల తాకిడి, ఖండికల మధ్య ఖాళీలు మారడం, నరాలతో కుట్టకపోవడం మొదలైనవి ఆ ఇరవైలో ఉన్నాయి. మిగిలిన అంచుల కొలతలు, వరుసల పొందిక మొదలైనవన్నీ ఉత్తమాచారం మాత్రమే. మన ఫిఖ్హ్ చదివినవారికి ఈ విభజన కొత్తగాదు. షర్త్ ఏది, ముస్తహబ్ ఏది అని వేరుచేయకపోతే సామాన్యుడు చిన్న విషయానికి భయపడి పెద్ద విషయాన్ని వదిలేస్తాడు. తల్మూదులో చిక్కుపడి ఉన్నదానిని ఇంత స్పష్టంగా రెండుగా చేసి చూపడం సామాన్యమైన పనికాదు.

మరొక మంచి గుణం, రచయిత తాను చెప్పినదానిని తానే చేసి చూపాడు. తన చేత్తో వ్రాసిన చుట్ట కొలతలను తొమ్మిదవ అధ్యాయంలో ఇచ్చాడు. పొట్టేళ్ల తోళ్ళమీద వ్రాసినది. ఒక్కొక్క నిలువు పట్టీ వెడల్పు నాలుగు వ్రేళ్ళు, పట్టీకి 51 పంక్తులు, మొత్తం 226 పట్టీలు. చుట్ట పొడవు దాని చుట్టుకొలతతో సమానం కావాలన్న ఉత్తమాచారాన్ని ఎట్లా సాధించాలో లెక్కతో సహా వివరించాడు. ప్రతి యూద పురుషుడు, తండ్రితాతల నుంచి చుట్ట సంక్రమించినా సరే, తనకొక చుట్టను వ్రాసుకోవాలి లేదా వ్రాయించుకోవాలి అన్నది ఏడవ అధ్యాయంలోని విధి. ఒక్క అక్షరాన్ని సరిదిద్దినవాడు కూడా మొత్తం వ్రాసినవానితో సమానమని అక్కడే అంటాడు. ఈ చివరి విధిని పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో మనకు మళ్ళీ పని ఉంది.

కనబడని షరతు

ఇరవై దోషాలలో కంటికి కనబడనివి కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది సంకల్పం. దేవుని నామాన్ని వ్రాసేటప్పుడు ఇది దేవుని నామమన్న స్ఫురణతో వ్రాయాలి. అట్లా కాక పరధ్యానంగా వ్రాస్తే, అక్షరం ఎంత అందంగా ఉన్నా చుట్ట చెల్లదు. అందుచేత నామం వ్రాస్తున్న లేఖకునికి ఇస్రాయీలు రాజే స్వయంగా సలాం చెప్పినా బదులు చెప్పరాదు. రెండు మూడు నామాలు వరుసగా వస్తే మాత్రం వాటి మధ్య ఆగి బదులు చెప్పవచ్చు.

పనులు నియ్యత్‌ను బట్టి ఉంటాయన్న హదీసు ఎరిగిన మనకు ఈ విధి దగ్గరగానే తోస్తుంది. కాని ఒక తేడా ఉంది. ముస్హఫ్ వ్రాసేవాని నియ్యత్ అతని పుణ్యానికి సంబంధించినది. అతని మనస్సు మరెక్కడో ఉన్నదన్న కారణంగా సరిగా వ్రాసిన ముస్హఫ్ ముస్హఫ్ కాకుండా పోతుందని మన ఫిఖ్హ్ చెప్పదు. యూద ధర్మశాస్త్రంలో లేఖకుని మనస్సు వ్రాతలో ఒక భాగం. సిరా ఎట్లాగో, సంకల్పమూ అట్లాగే.

మరి కనబడని షరతును నిర్ణయించడం ఎట్లా? తల్మూదులోని గిత్తీన్ భాగంలో వచ్చిన ఒక వ్యవహారాన్ని ఆధారం చేసుకొని ఇబ్న్ మైమూన్ ఇచ్చిన తీర్పు ఈ పది అధ్యాయాలలో అతిసూక్ష్మమైనదని నా అభిప్రాయం. లేఖకుడు చుట్టను వ్రాసి ఇచ్చేశాడు. అది చేతులు మారిన తరువాత వచ్చి, దైవనామాలను నేను సంకల్పంతో వ్రాయలేదు అన్నాడు. చుట్టను చెల్లకుండా చేయడానికి అతని మాట నమ్మరు. కాని అతని కూలి పోవడానికి అతని మాటే చాలు. కొన్నవానికి నష్టం చేయాలన్న పంతంతో, పోతే ఆ నామాలు వ్రాసిన కూలి మాత్రమే పోతుందిలే అన్న లెక్కతో అట్లా చెప్పి ఉండవచ్చు గదా అని ఇబ్న్ మైమూన్ వాదన. అదే లేఖకుడు తోలునే సంకల్పంతో పదును చేయలేదు అంటే నమ్ముతారు, చుట్ట చెల్లదు. ఎందుకంటే అట్టి తోలుమీద వ్రాసినదానికి కూలి ఏమీ రాదని అందరికీ తెలుసు. తన కూలి మొత్తం పోతుందని ఎరిగీ చెప్పినవాని మాటకు విలువ ఉంటుంది.

మనస్సులోని దానికి సాక్ష్యం లేనప్పుడు, మాట చెప్పినవాడు ఆ మాటవల్ల ఏమి కోల్పోతున్నాడో చూడడం న్యాయవేత్త చేయదగిన పని. దానిని ఇబ్న్ మైమూన్ నేర్పుగా చేశాడు. కాని ఫలితం చూడండి. మొదటి వ్యవహారంలో లేఖకుడు నిజమే చెప్పి ఉంటే, ఆ సమాజం తమ శాస్త్రప్రకారమే చెల్లని చుట్టను తరతరాలుగా చెల్లినదిగా చదువుతుంది. ఇది శాస్త్రకారునికి తెలియక కాదు. లోకంలో ప్రతి చుట్టకూ ఇట్టి అనుమానం పుట్టవచ్చు గనుక, ఆలస్యంగా వచ్చిన ఒక్కని మాటతో సమాజపు గ్రంథాన్ని పడగొట్టకూడదని అతను నిర్ణయించాడు. అనగా ఎంత పటిష్ఠమైన లేఖన శాస్త్రమైనా చివరకు లేఖకునిమీద విశ్వాసం దగ్గర ఆగక తప్పదు. ఆ విషయాన్ని రచయిత దాచలేదు, కాని పైకి చెప్పనూ లేదు.

మూలప్రతి ప్రశ్న

తెఫిల్లీన్, మెజూజాలను చూడకుండా వ్రాయవచ్చు. వాటి పాఠాలు అందరికీ నోటికి వచ్చినవే. తౌరాతు చుట్టలో మాత్రం ఎదుట ప్రతి లేకుండా ఒక్క అక్షరం కూడా వ్రాయరాదు. తల్మూదులో రబ్బీ మయీర్ అనే విద్వాంసుడు ఆసియా ప్రాంతానికి వెళ్ళి, అక్కడ ఎస్తేరు గ్రంథం ప్రతి దొరకక కంఠస్థంగా వ్రాశాడని ఒక కథ ఉంది. అట్టి ధారణశక్తి ఆయనకే చెల్లిందని, దానిని అందరికీ నియమంగా తీసుకోరాదని అక్కడే పరిష్కరించారు.

చూసి వ్రాయాలి, మంచిదే. దేనిని చూసి? ఎనిమిదవ అధ్యాయంలో ఇబ్న్ మైమూన్ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాడు. ఖండికలు ఎక్కడ విడగొట్టాలి, ఎక్కడ కొత్త పంక్తి, ఎక్కడ పంక్తి నడుమ ఖాళీ అన్న విషయంలో తాను చూసిన చుట్టలన్నిటిలో గందరగోళం ఉందని నిర్మొహమాటంగా చెప్పాడు. అందుచేత ఈజిప్టులో ఉన్న, ఇరవైనాలుగు గ్రంథాలు గల ప్రసిద్ధ ప్రతిని ఆధారం చేసుకున్నానని, అది పూర్వం యెరూషలేములో ఉండి ప్రతులు దిద్దుకోవడానికి ప్రమాణంగా ఉండేదని, బెన్ ఆషెర్ ఎన్నో ఏళ్ళు శ్రమించి దానిని సవరించాడని తెలిపాడు. తరువాత తౌరాతులోని ఖండికలన్నిటినీ వరుసగా పేర్కొన్నాడు.

ఎక్కువమంది పరిశోధకులు ఆ ప్రతిని హలబ్ ప్రతిగా గుర్తించారు. తబరియ్యాలో సుమారు 930 ప్రాంతంలో వ్రాయబడి, యెరూషలేములోని కరాయీ సమాజానికి సమర్పించబడింది. 1099లో సిలువయోధులు నగరాన్ని పట్టుకున్నప్పుడు వారి చేతబడి, తరువాత ధనం ఇచ్చి విడిపించగా ఫుస్తాత్ చేరింది. 14వ శతాబ్దిలో హలబ్‌కు వెళ్ళింది. 1947లో అక్కడ జరిగిన అల్లర్ల తరువాత దాదాపు 200 ఆకులు లేకుండా పోయాయి. 1958లో మిగిలిన భాగం యెరూషలేము చేరింది. పోయిన ఆకులలో తౌరాతు భాగం దాదాపు అంతా ఉంది. కనుక తౌరాతు ఖండికల విషయంలో ఆ మూలప్రతికి నేడు ముఖ్య సాక్షి ఇబ్న్ మైమూన్ ఇచ్చిన పట్టికే. ప్రతిని చూసి పుస్తకం వ్రాశాడు. ప్రతి పోయింది, పుస్తకం ప్రతికి బదులుగా నిలిచింది.

ఆ పుస్తకానికి కూడా ప్రమాణపత్రం ఉంది. ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయంలో హంటింగ్టన్ 80 అన్న సంఖ్యగల వ్రాతప్రతిలో 'మిష్నె తోరా' మొదటి రెండు గ్రంథాలు ఉన్నాయి. ఈ లేఖన విధులు గల 'అహవా' వాటిలో రెండవది. తన సొంత ప్రతితో సరిచూచి దిద్దబడినదని ఇబ్న్ మైమూన్ స్వహస్తంతో దానిపై వ్రాసి సంతకం చేశాడు. హదీసు గ్రంథాల వ్రాతప్రతులను చూసినవారికి ముఖాబలా, ఇజాజత్ అనే పద్ధతులు తెలిసినవే. ఈ సంతకం ఆ పద్ధతికి చాలా దగ్గరగా ఉంది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు చెప్పాలి. మొదటిది పాతదే. 'మిష్నె తోరా'లో ఆధారాలు చూపలేదని, ఏ విధి ఎవరి నుంచి వచ్చిందో పాఠకునికి తెలియదని ఆ కాలంలోనే పోస్కియేర్ నగరవాసి అబ్రహాం బిన్ దావీద్ (మరణం 1198) తీవ్రంగా విమర్శించాడు. ఇస్నాద్‌కు అలవాటుపడిన మన కంటికి ఆ లోపం మరీ కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఖాళీలకు ఇస్నాద్ చెప్పినవాడు శాసనాలకు చెప్పకపోవడం విచిత్రం.

రెండవది ఇంకా బరువైనది. ఒక అక్షరం ఎక్కువైనా తక్కువైనా చుట్ట చెల్లదు అని శాసించి, ఏ మాటలో ఏ అక్షరం ఉండాలో మాత్రం ఇబ్న్ మైమూన్ పట్టిక ఇవ్వలేదు. హెబ్రీలో దీర్ఘాచ్చును సూచించే వావ్, యోద్ అక్షరాలను కొన్నిచోట్ల వ్రాస్తారు, కొన్నిచోట్ల వదిలేస్తారు. పలుకు మారదు, అర్థం మారదు, అక్షరాల లెక్క మారుతుంది. ఈ విషయంలో తమకు పూర్తి నైపుణ్యం లేదని తల్మూదు విద్వాంసులే ఖిద్దూషీన్ భాగంలో ఒప్పుకున్నారు. ఆ లోటు తీర్చడానికి తులైతులా నగరపు విద్వాంసుడు మయీర్ అబులాఫియా (మరణం 1244) ప్రతులను పోల్చి ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించవలసి వచ్చింది. నేటికీ యమన్ యూదుల చుట్టలకూ ఐరోపా యూదుల చుట్టలకూ సుమారు తొమ్మిది అక్షరాల తేడా ఉంది. అర్థం మార్చే తేడా వాటిలో లేదు. కాని ఇరవై దోషాల పట్టికను ఖచ్చితంగా అన్వయిస్తే రెండు వర్గాల చుట్టలూ ఒకేసారి చెల్లవు. శాసనం కత్తి అంచులా ఉంది, దానిని ప్రయోగించడానికి కావలసిన తూకపురాయి ఈ పుస్తకంలో లేదు.

చుట్టలో లేనిది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. యూద ప్రార్థనాలయంలో తౌరాతును చుట్టలో చూసే చదవాలి. వ్రాతలో ఉన్నదానిని నోటి ధారణతో వినిపించరాదన్నది తల్మూదు నియమం. కాని ఆ చుట్టలో అచ్చుల గుర్తులు లేవు, విరామాల గుర్తులు లేవు, స్వరాల గుర్తులు లేవు. పెట్టనూ కూడదు. 1565లో వెనిస్‌లో ముద్రణ పొందిన యోసెఫ్ కారో ధర్మసంహిత 'షుల్హాన్ ఆరూఖ్'లో ఈ నిషేధం స్పష్టంగా ఉంది. బెన్ ఆషెర్ స్వరాలు గుర్తించినది అధ్యయనం కొరకు ఉద్దేశించిన పుస్తకరూప ప్రతిలో, ప్రార్థనాలయపు చుట్టలో కాదు. అంతేగాక, కొన్ని మాటలను ఒక విధంగా వ్రాసి మరొక విధంగా చదవాలన్న సంప్రదాయం ఉంది. చదివేవాడు ఇవన్నీ ముందుగా గురుముఖతః నేర్చి, ధారణలో పెట్టుకొని రావాలి. ఎదురుగా ఉన్న చుట్ట అతనికి హల్లులను మాత్రమే ఇస్తుంది.

మన మసీదులో పరిస్థితి తలక్రిందులు. నమాజులో ఇమామ్ ఖురాన్‌ను కంఠస్థంగా పఠిస్తాడు. ముస్హఫ్ చూసి పఠిస్తే నమాజు చెల్లదన్నది ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం, ఇతర ఇమాములు కొందరు దానికి అనుమతి ఇచ్చారు. కాని ఆ చూడనవసరం లేని ముస్హఫ్‌లోనే నుఖ్తాలు, జబర్ జేర్ పేష్‌లు, విరామ చిహ్నాలు అన్నీ ఉన్నాయి. మొదట ఇవి ఉండేవి కావు. హజ్రత్ ఉస్మాన్ (రజి) పంపిన ప్రతులలో అక్షరాల అస్థిపంజరం మాత్రమే ఉండేది, ప్రతితోపాటు పఠనం నేర్పేవారిని కూడా పంపారని ఉల్లేఖనాలున్నాయి. తరువాత గుర్తులు వచ్చినప్పుడు వివాదం కూడా వచ్చింది. పిల్లలు చదువుకునే ప్రతులలో గుర్తులు పెట్టవచ్చునని, ప్రమాణ ప్రతులలో పెట్టరాదని ఇమామ్ మాలిక్ అభిప్రాయపడినట్లు అబూ అమ్ర్ అద్దానీ (మరణం 1053) ఉల్లేఖించాడు. అద్దానీ కూడా ఖుర్తుబాలో పుట్టినవాడే. పిల్లల ప్రతికీ ప్రమాణ ప్రతికీ ఇమామ్ మాలిక్ చూపిన భేదం, పుస్తకరూప ప్రతికీ చుట్టకూ యూదులు చూపిన భేదం ఒకే ఆలోచన నుంచి పుట్టినవి. మనవారు తరువాత ఆ భేదాన్ని వదలి అన్ని ప్రతులలోను గుర్తులు అంగీకరించారు. వారు వదలలేదు.

చూసి చదవవలసిన గ్రంథంలో సగం ధారణకు వదిలిపెట్టారు. కంఠస్థంగా పఠించవలసిన గ్రంథాన్ని పూర్తిగా వ్రాసిపెట్టారు. కనుక వారు వ్రాతను, మనం ధారణను నమ్ముకున్నామన్న మాట వాస్తవాన్ని సగమే చెబుతుంది. రెండు సమాజాలూ రెండింటినీ వాడాయి. ప్రధాన స్థానం దేనికి ఇచ్చాయన్నది మాత్రమే తేడా.

ఇబ్న్ మైమూన్ అధ్యాయాలకు నా ముఖ్యమైన విమర్శ ఇక్కడే. లేఖన విధుల పది అధ్యాయాలను మాత్రమే చదివినవారు, తోలు, సిరా, సంకల్పం సరిపోతే గ్రంథం భద్రమని అనుకుంటారు. కాని అదే 'అహవా'లో, ప్రార్థన విధుల పన్నెండవ అధ్యాయంలో, చదివేవాడు ఒక్క అక్షరం తప్పు పలికినా సరిగా పలికేవరకు వెనక్కు మళ్ళించాలి అన్న విధి ఉంది. అనగా చుట్టను కన్ను కాపాడుతుంది, చుట్టలో లేనిదానిని సమాజపు చెవి కాపాడుతుంది. ఈ రెండు కాపలాలూ ఒకే వ్యవస్థలో భాగాలు. వాటిని రెండు దూరపు చోట్ల పెట్టి, వాటి సంబంధాన్ని ఎక్కడా చెప్పకపోవడం క్రమబద్ధతకే పేరుపొందిన రచయితకు తగదు. తరావీహ్‌లో ఇమామ్ తడబడితే వెనుక వరుస నుంచి లుఖ్మా అందించే హాఫిజ్‌ను చూసినవారికి ఆ పన్నెండవ అధ్యాయపు విధి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

వాదోపవాదాలలో దీని స్థానం

తౌరాతులో తహ్రీఫ్ జరిగిందన్న విషయంలో మన పండితులలో రెండు అభిప్రాయాలున్నాయి. మాటలే మారాయని కొందరు, మాటల అర్థాన్ని మార్చారని కొందరు. మొదటి అభిప్రాయాన్ని విస్తారంగా వాదించిన ఇబ్న్ హజ్మ్ (మరణం 1064) కూడా ఖుర్తుబా వాడే. ఆ చర్చలోకి ఈ వ్యాసం దిగదు. కాని లేఖన విధులను ఆ చర్చలో ఎంతవరకు సాక్ష్యంగా వాడవచ్చో చెప్పడం అవసరం.

లేఖకుని జాగ్రత్త అతను చూసి వ్రాసిన ప్రతి నుంచి క్రిందికి మాత్రమే సాక్ష్యం చెబుతుంది. ఆ ప్రతికి పూర్వం ఏమి జరిగిందో చెప్పలేదు. 1947 నుంచి మృతసముద్రపు ఒడ్డున కుమ్రాన్ గుహలలో దొరికిన తౌరాతు చుట్టలలో కొన్ని నేటి హెబ్రీ పాఠానికి చాలా సన్నిహితంగా ఉన్నాయి, కొన్ని చెప్పుకోదగినంత భిన్నంగా ఉన్నాయి. నేటి పాఠానికి పూర్వరూపం సుమారు రెండువేల ఏళ్ళ క్రితమే ఉన్నదని ఇది చూపుతుంది. ఆనాడు దానితోపాటు ఇతర పాఠాలు కూడా వాడుకలో ఉన్నాయని కూడా చూపుతుంది. కనుక ఇరవై దోషాల పట్టికను చూపి తౌరాతు మూసా ప్రవక్త (అలైహిస్సలాం) నాటి నుంచి అక్షరం మారలేదని వాదించే యూద మిత్రునికీ, వారికి ఏ జాగ్రత్తా లేదని వాదించే మన మిత్రునికీ ఈ పుస్తకం సాయపడదు. దైవగ్రంథ ప్రజలతో ఉత్తమరీతిలో సంవాదం చేయమన్న ఆదేశాన్ని పాటించదలచినవారు, ముందుగా ఎదుటివారి పుస్తకంలో ఏముందో తెలుసుకోవాలి.

పాతబడిన, చెల్లని చుట్టను మట్టిపాత్రలో ఉంచి విద్వాంసుని సమాధి పక్కన పాతిపెట్టాలన్న విధి పదవ అధ్యాయంలో ఉంది. జీర్ణమైన ముస్హఫ్‌ను శుభ్రమైన చోట పాతిపెట్టాలని హనఫీ ఫుఖహా చెప్పినదానికి ఇది సన్నిహితం. ఫుస్తాత్ యూదులు తమ చినిగిన కాగితాలను బెన్ ఎజ్రా ప్రార్థనాలయపు గదిలో వేసి ఉంచారు. 1896-97లో వాటిలో ఎక్కువ భాగం కేంబ్రిడ్జికి చేరింది. ఇబ్న్ మైమూన్ స్వహస్తలిపిలోని చిత్తుప్రతులు కూడా ఆ రాశిలో దొరికాయి. మరొక విధి మాత్రం మనకు భిన్నం. అశుచి స్థితిలో ఉన్నవారు, యూదేతరులు కూడా, చేతులు మురికిగా లేకపోతే చుట్టను పట్టుకొని చదవవచ్చునంటాడు. వుజూ లేకుండా ముస్హఫ్ తాకరాదన్న మన నాలుగు మజ్హబ్‌ల నియమంతో పోల్చినప్పుడు, గౌరవం అనే ఒకే భావం రెండు శాస్త్రాలలో రెండు మార్గాలు తొక్కినట్లు తెలుస్తుంది.

నేడు చుట్టల చిత్రాలు తీసి, కంప్యూటరు సాయంతో ఎక్కడ అక్షరం లోపించిందో వెదుకుతున్నారు. కన్ను జారవిడిచిన తప్పులు అట్లా పట్టుబడుతున్నాయి. ఇరవై దోషాలలో రెండు మూడింటికి యంత్రం చాలును. లేఖకుడు దైవనామం వ్రాసేటప్పుడు అతని మనస్సు ఎక్కడున్నదో అది చెప్పలేదు. చుట్టలో లేని అచ్చును చదివేవాడు సరిగా పలికాడో లేదో ఆ చిత్రం చెప్పలేదు. ఆ రెండు పనులకూ మనుషులే కావాలి.

మొత్తంమీద చూస్తే, ఇబ్న్ మైమూన్ పది అధ్యాయాలు అమరికలో ఆదర్శప్రాయం, న్యాయవిచారణలో సూక్ష్మం, అక్షరపాఠం విషయంలో అసంపూర్ణం. వాటిని ప్రార్థన విధులతో కలిపి చదివితేనే పూర్తి అర్థం వస్తుంది. ముస్హఫ్ లేఖన శాస్త్రం బోధించే మన మదరసాలలో, అద్దానీ గ్రంథాల పక్కన వీటిని కూడా ఉంచి పోల్చి చదివించడం మేలు. ఒక్క అక్షరాన్ని సరిదిద్దినవాడు మొత్తం వ్రాసినవానితో సమానమన్న విధిని ఏ సమాజం నిలుపుకుంటుందో, ఆ సమాజంలో గ్రంథ సంరక్షణ లేఖకుల వృత్తిగా మిగలదు. తప్పు విని ఊరుకోని ప్రతి శ్రోతా దానికి కాపలాదారు అవుతాడు.